రూబిక్ క్యూబ్ ఎవరి ఆవిష్కరణ? పేటెంట్ పత్రాల ఆధారంగా ఒక సమాధానం

మీరు రెండు సంగతులు అడిగారు. రూబిక్ కంటే ముందే అమెరికాలో ఒక రసాయన శాస్త్రవేత్తకు ఇలాంటి పజిల్ మీద పేటెంట్ వచ్చిందని, తరువాత కోర్టు కూడా ఆ పేటెంట్ చెల్లుతుందని చెప్పిందని చదివారు. అలాంటప్పుడు క్యూబ్‌ను హంగేరీ దేశస్థుడు కనిపెట్టాడని పిల్లలకు చెప్పడం న్యాయమేనా అన్నది మీ మొదటి ప్రశ్న. ఇంజనీరింగ్ చదువుతున్న మీ అబ్బాయి 3డి ప్రింటర్ మీద సొంతంగా తయారుచేసిన కొత్త తిరిగే పజిల్‌ను ఎలా కాపాడుకోవాలన్నది రెండోది. పేటెంట్ పత్రాలు చదవడం, రాయడం నా వృత్తి. తిరిగే పజిళ్లను విప్పి లోపలి కట్టుబడిని పరిశీలించడం చాలాకాలంగా నాకున్న ఇష్టం. మీ రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే కాబట్టి కలిపే జవాబు రాస్తున్నాను. ముక్కలు గుంపులు గుంపులుగా తిరగాలి, చెదిరిన రంగులు మళ్లీ కలవాలి అన్న ఊహ ఒకరికి తెలియకుండా ఒకరికి, చాలామందికి వచ్చింది. ఆ ముక్కలు ఊడిపోకుండా ఎలా తిరుగుతాయన్న దానికి మాత్రం ఒక్కొక్కరు ఒక్కో సమాధానం చెప్పారు. పేటెంట్ దక్కేది ఆ సమాధానానికే.

రూబిక్‌కు ముందున్న వాళ్లలో మొదట చెప్పుకోవలసిన వ్యక్తి విలియం గుస్టాఫ్‌సన్. 1963లో ఆయనకు వచ్చిన అమెరికా పేటెంట్ ఎనిమిది భాగాలుగా విడదీసిన ఒక గోళం గురించినది. గోళాన్ని మూడు దిక్కులా సగానికి కోసినట్టు ఊహించుకుంటే ఏర్పడే ఎనిమిది ముక్కల్లో, నాలుగేసి ముక్కలు కలిసి తిరుగుతాయి. దీని వెనకనున్న తర్కం 2×2×2 క్యూబ్ (ఒక్కో అంచున రెండేసి ముక్కలుండే క్యూబ్) తర్కమే, ఆకారం మాత్రం గుండ్రన.

మీరు చదివిన రసాయన శాస్త్రవేత్త పేరు లారీ నికోల్స్. ఆయన సంగతి కోర్టు తీర్పులో వివరంగా నమోదై ఉంది కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. 1957 వేసవిలో ఆయనకు ఈ ఊహ వచ్చింది. ఆ తరువాతి సంవత్సరాల్లో హార్వర్డ్‌లో పరిశోధన విద్యార్థిగా ఉంటూ కాగితంతో చిన్న నమూనాలు చేసుకుని, దగ్గరి స్నేహితులకు చూపించారు. 1968లో, మాసచూసెట్స్‌లో తాను పనిచేస్తున్న మోలిక్యులాన్ అనే పరిశోధన సంస్థ అధ్యక్షుడి కంటపడటంతో అది కాగితం దశ దాటి, చెక్క ముక్కలతో పనిచేసే నమూనా అయింది. ఎనిమిది చిన్న ఘనాలు, వాటి లోపలి ముఖాల్లో అయస్కాంతాలు: ఆ ఆకర్షణే వాటిని ఒక పెద్ద ఘనంగా పట్టి ఉంచుతుంది, తిప్పినప్పుడు జారనిస్తుంది. 1970 మార్చి 3న దరఖాస్తు చేయగా 1972 ఏప్రిల్ 11న పేటెంట్ వచ్చింది. దాని సంఖ్య 3,655,201. 1969 నుంచి మూడేళ్లపాటు ఆ సంస్థ యాభై అరవై బొమ్మల కంపెనీలకు ఈ పజిల్ గురించి రాసింది. ఎవరూ తీసుకోలేదు. ప్రస్తుతానికి మాకు ఆసక్తి లేదని జవాబిచ్చిన వాటిలో ఐడియల్ టాయ్ కంపెనీ కూడా ఉంది. పదేళ్ల తరువాత రూబిక్ క్యూబ్‌ను ప్రపంచమంతటా అమ్మింది ఈ ఐడియల్ కంపెనీయే.

అదే 1970లో, ఏప్రిల్ 9న, బ్రిటన్‌లో ఫ్రాంక్ ఫాక్స్ అనే ఆయన మరొక దరఖాస్తు పెట్టారు. గోళం ఉపరితలం మీద మూడు మూళ్ల అమరికలో ఉన్న ముక్కలు జరిగే ఆ ఆటవస్తువును ఆయన సున్నా, ఇంటూ గుర్తుల ఆట కోసం ఉద్దేశించారు. 1974 జనవరి 16న దానికి పేటెంట్ వచ్చింది. రంగులు కలిపే పజిల్‌గా ఆయన దాన్ని తలపెట్టలేదన్నది గమనించదగ్గ విషయం. ఇంచుమించు ఒకే యంత్రం చేతిలో ఉన్నా, దానితో ఏమి అడగాలన్నది వేరే ఊహ.

ఇక ఎర్నో రూబిక్. 1944 జులై 13న బుడాపెస్ట్‌లో పుట్టారు. తల్లి కవయిత్రి, తండ్రి గ్లైడర్ విమానాల రూపకర్తగా హంగేరీలో పేరు పొందిన ఇంజనీరు. రూబిక్ వాస్తుశిల్పం చదివి, బుడాపెస్ట్‌లోని అనువర్తిత కళల అకాడమీలో బోధించేవారు. విద్యార్థులకు త్రిమితీయ జ్యామితి నేర్పడం కోసమే ఆయన క్యూబ్‌ను తయారుచేశారని చాలాచోట్ల రాస్తారు. ఆ వివరణ నాకు సంతృప్తికరంగా అనిపించదు, ఎందుకంటే ఆయన్ను పట్టి పీడించింది కట్టుబడికి సంబంధించిన సమస్య: ఒక వస్తువులోని భాగాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వేర్వేరు దిక్కులకు కదలాలి, అయినా మొత్తం వస్తువు విడిపోకూడదు. 1974 వసంతంలో ఆయన మొదట ఎనిమిది చెక్క ఘనాలను రబ్బరు బ్యాండ్లతో కట్టి చూశారు. నాలుగు తిప్పులు తిప్పేసరికి బ్యాండ్లు మెలికపడి తెగిపోయాయి. నికోల్స్ అయస్కాంతాలతో దాటిన ఇబ్బంది ఇదే. రూబిక్ మాత్రం బయటి నుంచి పట్టి ఉంచే ఏ శక్తీ అవసరం లేని దారి వెతికారు, ముక్కల ఆకారమే వాటిని పట్టి ఉంచాలనుకున్నారు.

ఆయనకు దొరికిన దారిని అర్థం చేసుకోవాలంటే ఒక పాత క్యూబ్‌ను విప్పి చూడటం మంచిది. పైపొరను సగం తిప్పి, ఒక అంచు ముక్కను మెల్లగా పైకి లేపితే ఊడి వస్తుంది. బయటకు కనిపించేవి 26 ముక్కలే. 27వది ఉండవలసిన నడిమధ్యన మూడు ఇరుసులు కలిసిన చిన్న చట్రం ఉంటుంది. ఆరు ముఖాల నడుమ ఉండే ఆరు మధ్య ముక్కలు ఆ చట్రం కొనలకు స్క్రూ, స్ప్రింగులతో బిగించి ఉంటాయి. అవి ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతాయి తప్ప ఒకదాని స్థానంలోకి మరొకటి ఎన్నటికీ రాదు. 12 అంచు ముక్కలకు లోపలివైపు నాలుకలాంటి భాగం ఉంటుంది. అది పక్కనున్న రెండు మధ్య ముక్కల కిందికి దూరుతుంది. 8 మూల ముక్కలకు ఉండే పాదం తమ పక్కనున్న మూడు అంచు ముక్కల కిందికి దూరుతుంది. అంటే మూలలను అంచులు, అంచులను మధ్య ముక్కలు, మధ్య ముక్కలను చట్రం పట్టుకుంటాయి. సున్నం లేకుండా కట్టిన కమానులో రాళ్లు ఒకదాన్నొకటి నిలబెట్టినట్టే ఇదీ. ఒక వాస్తుశిల్పికి ఈ పరిష్కారం తట్టడంలో ఆశ్చర్యం లేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇందులో అసలైన చిక్కు మరొకటి ఉంది. ఒక పొర తిరుగుతున్నప్పుడు తొమ్మిది ముక్కలు కదులుతాయి, మిగిలినవి కదలవు. ఆ కదిలే అంచుల నాలుకలు అప్పటివరకు తమను పట్టి ఉంచిన పక్క ముఖాల మధ్య ముక్కలను వదిలి, తొంభై డిగ్రీల తరువాత వేరే మధ్య ముక్కల కిందికి చేరాలి. ఆ మధ్యకాలంలో అవి ఎక్కడ ఆనుకుంటాయి? లోపలి భాగాలన్నీ ఘనంలా కోణాలుగా ఉంటే తిరగడం అసాధ్యం. అందువల్ల బయటికి ఘనంగా కనిపించే ప్రతి ముక్కకూ లోపలి భాగం గోళంలో ఒక తునకలా, వంపుగా చెక్కి ఉంటుంది. తిరిగేటప్పుడు ఆ నాలుకలు లోపల ఏర్పడిన వర్తులాకారపు గాడిలో జారుతాయి. డాన్యూబ్ నది ఒడ్డున నున్నగా అరిగిన గులకరాళ్లను చూసినప్పుడు ఈ ఆలోచన మెదిలిందని రూబిక్ తరువాత చెప్పుకున్నారు. బయట ఘనం, లోపల గోళం అన్న ఈ ఏర్పాటును నేను ఆయన ఆవిష్కరణకు గుండెకాయగా భావిస్తాను.

రంగులు చివరన వచ్చాయి. చెక్క నమూనా తిరగడం మొదలుపెట్టాక, ఏ ముక్క ఎటు పోతోందో కంటికి తెలియడానికి ఆరు ముఖాలకు ఆరు రంగులు వేశారు. కొన్ని తిప్పుల తరువాత రంగులు కలిసిపోయాయి. వెనక్కి రావడం ఎలాగో తయారుచేసిన ఆయనకే తెలియలేదు. ముందు మూల ముక్కలను సరిచేసుకుంటూ, కొన్ని ముక్కలను మాత్రమే కదిలించే తిప్పుల వరుసలను వెతుక్కుంటూ, దాదాపు నెలరోజులకు మొదటి స్థితికి తెచ్చారు. అప్పటివరకు అది ఒక కట్టుబడి నమూనా. ఆ నెలరోజుల తరువాత అది పజిల్ అయింది.

ఈ యంత్రం వల్లనే పజిల్ స్వభావం కూడా ఏర్పడింది. మధ్య ముక్కలు కదలవు కాబట్టి ఏ ముఖం ఏ రంగుదో అవే నిర్ణయిస్తాయి. మూలలు మూలల స్థానాల్లోకి, అంచులు అంచుల స్థానాల్లోకి మాత్రమే వెళ్తాయి. సాధ్యమయ్యే అమరికల సంఖ్య 4,32,52,00,32,74,48,98,56,000. అంటే నాలుగు లక్షల ముప్పై రెండు వేలకు పైగా కోటి కోట్లు. ముక్కలను ఊడదీసి ఇష్టం వచ్చినట్టు బిగిస్తే దీనికి పన్నెండు రెట్ల అమరికలు వస్తాయి గాని, వాటిలో పన్నెండింట ఒకటి మాత్రమే తిప్పి సరిచేయగలిగేది. పిల్లలు విప్పి మళ్లీ బిగించిన క్యూబ్ ఎంత తిప్పినా కలవకపోవడానికి కారణం ఇదే. ఎంత చెదిరిన క్యూబ్‌నైనా 20 తిప్పుల్లోపు సరిచేయవచ్చని టోమస్ రోకికీ, హెర్బర్ట్ కొసియెంబా, మోర్లీ డేవిడ్‌సన్, జాన్ డెథ్రిడ్జ్ 2010లో గూగుల్ కంప్యూటర్ల సాయంతో నిరూపించారు.

రూబిక్ 1975 జనవరి 30న హంగేరీలో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. దాని సంఖ్య 170062. ఆ దరఖాస్తు పరిశీలనలో ఉన్న కాలంలోనే జపాన్‌లో తెరుతోషి ఇషిగి అనే ఇంజనీరు దాదాపు ఇదే యంత్రాన్ని రూపొందించి అక్కడ పేటెంట్ పొందారు. ఆయన రూబిక్ పనిని చూడకుండా, స్వతంత్రంగానే అక్కడికి చేరారని సాధారణంగా అందరూ అంగీకరిస్తారు. ఒకే సమస్యను నిజాయతీగా పట్టుకున్న ఇద్దరు వేల మైళ్ల దూరంలో ఉండి కూడా ఒకే జవాబుకు రావడం నాకు ఆ యంత్రం మీద గౌరవాన్ని పెంచుతుంది.

మీ అబ్బాయికి పనికివచ్చే పాఠం ఇక్కడ ఉంది. ఒక దేశంలో దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి పన్నెండు నెలల్లోపు ఇతర దేశాల్లో దరఖాస్తు చేస్తే, పేటెంట్ల వంటి హక్కులకు సంబంధించిన పారిస్ ఒప్పందం ప్రకారం మొదటి తేదీనే అక్కడా లెక్కలోకి తీసుకుంటారు. రూబిక్ విషయంలో ఆ పన్నెండు నెలలు గడిచిపోయాయి. అప్పటి హంగేరీలో బొమ్మను తయారు చేయడానికి ఒక సహకార సంస్థను, విదేశాల్లో అమ్మడానికి ప్రభుత్వ వాణిజ్య సంస్థను ఆశ్రయించవలసిందే. పొలిటెక్నికా అనే సహకార సంస్థ తయారుచేసిన మొదటి క్యూబులు 1977 చివర్లో బుడాపెస్ట్ దుకాణాలకు వచ్చాయి. 1978లో హెల్సింకీలో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభ ద్వారా గణితవేత్తల చేతుల్లోకి వెళ్లాయి. 1979లో న్యూరెంబర్గ్ బొమ్మల సంతలో టిబోర్ లాట్సీ అనే వ్యాపారి క్యూబ్‌ను తిప్పుతూ తిరుగుతుండగా, హంగేరియన్ భాష తెలిసిన బ్రిటన్ బొమ్మల నిపుణుడు టామ్ క్రెమర్ చూసి, ఐడియల్ కంపెనీతో ఒప్పందం కుదిర్చారు. ఆ ఏడాది సెప్టెంబరులో పది లక్షల క్యూబుల కొనుగోలుకు సంతకాలయ్యాయి. 1980లో ఆవిష్కర్త పేరుతో అది ప్రపంచ మార్కెట్లోకి వచ్చింది. మంత్ర ఘనం అన్న పాత పేరును వదులుకోవడానికి ప్రధాన కారణం ఆ పేరును ట్రేడ్‌మార్కుగా కాపాడుకోవడం కష్టం కావడం. విదేశీ పేటెంట్ల గడువు దాటిపోయిన స్థితిలో, నమోదు చేయదగ్గ పేరే వారికి ముఖ్యమైన రక్షణ అయింది. మార్కెట్‌ను నకళ్లు ముంచెత్తినప్పుడు ఆ రక్షణ సరిపోలేదు.

కోర్టు కేసు విషయానికి వద్దాం, ఎందుకంటే మీరు చదివిన కథనంలో సగమే ఉంది. మోలిక్యులాన్ సంస్థ 1982లో ఐడియల్ క్యూబుల మీద దావా వేసింది. అదే ఏడాది ఐడియల్‌ను సీబీఎస్ అనే అమెరికా ప్రసార సంస్థ కొనుక్కోవడంతో చివరకు సీబీఎస్ ప్రతివాదిగా నిలిచింది. నికోల్స్ కాగితం నమూనాలను ముందే స్నేహితులకు చూపించారు గనుక పేటెంట్ చెల్లదని ప్రతివాదులు వాదించారు. ఆ నమూనాల మీద అదుపు ఎప్పుడూ నికోల్స్ దగ్గరే ఉందని, వాటిని ఇతరుల స్వేచ్ఛకు వదిలేయలేదని చెప్పి కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. 1984లో డెలవేర్ జిల్లా కోర్టు ఉల్లంఘన జరిగిందని తేల్చింది. 1986లో పై కోర్టు మాత్రం తీర్పును రెండుగా విడదీసింది. రూబిక్ పేరుతో అమ్ముడైన చిన్న 2×2×2 క్యూబ్ నికోల్స్ పేటెంట్‌ను ఉల్లంఘించిందన్న భాగాన్ని నిలబెట్టింది. 3×3×3 క్యూబ్ గురించిన భాగాన్ని నిలబెట్టలేదు. నికోల్స్ క్లెయిమ్‌లో, అంటే పేటెంట్‌లో సరిగ్గా దేనిమీద హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యంలో, ఎనిమిది ఘనాలు, నాలుగేసి ఘనాలు కలిసి తిరగడం అన్న మాటలు ఉన్నాయి. 26 ముక్కలు, తొమ్మిదేసి కలిసి తిరిగే పొరలు ఉన్న క్యూబ్ ఆ మాటల్లో యథాతథంగా ఇమడదు. పేటెంట్ చదివేటప్పుడు కథ కంటే క్లెయిమ్‌ను ముందు చదవాలని నేను జూనియర్లకు చెప్పేటప్పుడు ఈ కేసునే ఉదాహరణగా చూపిస్తాను.

అందువల్ల మీ మొదటి ప్రశ్నకు నా జవాబు సూటిగా ఇది. 3×3×3 రూబిక్ క్యూబ్‌ను కనిపెట్టింది ఎర్నో రూబిక్ అని పిల్లలకు నిస్సంకోచంగా చెప్పండి. గుంపులుగా తిరిగే ఘనాలతో రంగులు కలిపే పజిల్‌కు అంతకు ముందే పేటెంట్ పొందినవారు లారీ నికోల్స్ అని కూడా అదే ఊపిరిలో చెప్పండి. రెండోది చెప్పినందువల్ల మొదటిదానికి ఏమీ తగ్గదు. నికోల్స్‌కు దక్కవలసిన గుర్తింపు మాత్రం మన భాషలో ఇంతవరకు దక్కలేదు, అది నాకు బాధ కలిగించే విషయం.

ప్రతి కొత్త పరిమాణానికీ కొత్త యంత్రం కావలసివచ్చిందన్నది ఈ చరిత్రలో అంతగా తెలియని భాగం. 4×4×4లో ముఖం నడుమ స్థిరమైన ముక్క ఉండదు. కాబట్టి పేటర్ షెబెష్టేన్ లోపల గాడులు చెక్కిన బంతిని పెట్టి, ముక్కల పాదాలు ఆ గాడుల్లో జారేలా చేశారు. 5×5×5కు ఊడో క్రెల్ మరో దారి చూపారు. 7×7×7 దగ్గర జ్యామితే అడ్డం వచ్చింది. అన్ని పొరలూ సమాన మందంతో ఉంటే, పొరను నలభై ఐదు డిగ్రీలు తిప్పినప్పుడు మూల ముక్క పూర్తిగా కింది పొర అంచు దాటి బయటకు వెళ్లిపోతుంది, ఇక దాన్ని లోపలి నుంచి పట్టుకునే చోటు మిగలదు. గ్రీసు దేశస్థుడు పనయోటిస్ వెర్డెస్ శంకువుల ఆకారంలో ఉన్న లోపలి ఉపరితలాలతో, కొద్దిగా ఉబ్బెత్తు ముఖాలతో ఆ అడ్డంకిని దాటారు. ఇప్పటి పోటీ క్యూబుల్లో అయస్కాంతాలు కూడా ఉంటాయి, అయితే అవి నికోల్స్ వాడినట్టు ముక్కలను పట్టి ఉంచడానికి కాక, తిరిగిన పొర సరైన చోట ఆగడానికి ఉద్దేశించినవి.

క్యూబ్ ఆకారం గురించి ఐరోపాలో జరిగిన వివాదం కూడా మీ రెండో ప్రశ్నకు దగ్గరగా వస్తుంది. గళ్లున్న ఘనాకారాన్నే ట్రేడ్‌మార్కుగా 1999లో అక్కడ నమోదు చేయించారు. జర్మనీ బొమ్మల కంపెనీ సింబా దాన్ని సవాలు చేసింది. ఆ గళ్ల అమరిక వస్తువు తిరిగే సామర్థ్యంతో ముడిపడి ఉందని, సాంకేతిక పనితనాన్ని గడువులేని ట్రేడ్‌మార్కుతో కాపాడుకోవడం కుదరదని 2016లో ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పింది. 2019లో నమోదు రద్దు ఖాయమైంది. ఎలా పనిచేస్తుందన్నదానికి పేటెంట్ ఒక్కటే దారి, దానికి గడువు ఉంటుంది.

మన దేశంలోనూ పరిస్థితి ఇలాంటిదే. 1970 పేటెంట్ల చట్టం మూడో సెక్షన్ ప్రకారం ఆట ఆడే పద్ధతికి పేటెంట్ రాదు. కాబట్టి మీ అబ్బాయి దరఖాస్తులో రంగులు కలపడం గురించి కాక, ముక్కలు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయి, తిరిగేటప్పుడు ఎక్కడ ఆనుకుంటాయి అన్న సంగతి రాయాలి. 2000 డిజైన్ల చట్టం కింద నమోదు చేయిస్తే బయటి రూపానికి మాత్రమే రక్షణ దొరుకుతుంది, లోపలి నిర్మాణానికి దొరకదు. నమూనా ఇంకా మెరుగుపడుతూ ఉంటే ముందు తాత్కాలిక వివరణతో దరఖాస్తు పెట్టి, పన్నెండు నెలల్లోపు పూర్తి వివరణ ఇవ్వవచ్చు. విదేశాల్లోనూ కావాలనుకుంటే పేటెంట్ సహకార ఒప్పందం కింద అంతర్జాతీయ దరఖాస్తును కూడా అదే పన్నెండు నెలల్లోపు పెట్టాలి. ఆ తరువాత ఒక్కో దేశంలోకి ప్రవేశించడానికి సాధారణంగా మొదటి తేదీ నుంచి 30 నెలల వరకు వ్యవధి దొరుకుతుంది.

దరఖాస్తు పెట్టేలోగా పజిల్ వీడియోలను, ముద్రణ ఫైళ్లను ఎక్కడా బహిరంగంగా పెట్టవద్దు, అమ్మవద్దు. కాలేజీ ప్రదర్శనలో పెట్టడం కూడా వాయిదా వేయండి, ఎందుకంటే చట్టంలో ఉన్న ప్రదర్శన మినహాయింపు కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలకే వర్తిస్తుంది. గుస్టాఫ్‌సన్, నికోల్స్, ఫాక్స్, రూబిక్, షెబెష్టేన్, వెర్డెస్ పేటెంట్లను ముందుగా వెతికి, బొమ్మలతో సహా చదవమనండి. అవి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆ తరువాత ఒక పొరను నలభై ఐదు డిగ్రీలు తిప్పి ఉంచిన స్థితిలో తన పజిల్ అడ్డుకోత బొమ్మను గీసి, ప్రతి ముక్కనూ ఏది పట్టుకుని ఉందో అందులో గుర్తించమనండి. పేటెంట్ ఏజెంటు దగ్గరికి వెళ్లేటప్పుడు చేతిలో ఉండవలసిన మొదటి కాగితం అదే.